ఐదో నంబరు ఖాళీయేనా

లిఫ్టు మెకానిక్ బతుకంతా మెట్లెక్కడంతోనే సరిపోతుంది. ఈ మాటంటే జనం నవ్వుతారు గానీ, ఆలోచిస్తే అందులో నవ్వడానికేం లేదు. పనిచేసే లిఫ్టు దగ్గరికి మెకానిక్‌ని ఎవరూ పిలవరు. చెడిపోయినదాని దగ్గరికే పిలుస్తారు. మోటారేమో మేడ మీద ఎక్కడో ఉంటుంది, కాబట్టి సామాన్ల సంచి భుజాన వేసుకుని ఎక్కాల్సిందే. పగలంతా ఎక్కీ దిగీ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి అతని మోకాళ్లు అతని మాట వినేవి కావు. ఇంట్లో ఇంకో మనిషి కాళ్లు అసలే మాట వినవు కాబట్టి, తన మోకాళ్ల సంగతి అతను పైకి అనేవాడు కాదు.

ఆ ఇంకో మనిషి తమ్ముడు. ముప్పై దాటినా ఇంట్లో చిన్నోడే. షాపులకి బోర్డులు రాసే పెయింటరు. ఎత్తున గోడ మీద అక్షరాలు రాస్తుంటే కాలి కింద కర్ర విరిగి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది, నడుం కింద స్పర్శ పోయింది. డాక్టరు చెయ్యగలిగిందంతా చేసి, "ఇక మా చేతుల్లో ఏం లేదు. తిండి తినాలి, బతకాలన్న ధ్యాస ఉండాలి" అని ఇంటికి పంపేశాడు. చిన్నోడికి ఆ రెండూ లేకుండా పోయాయి. గోడవైపు తిరిగి పడుకునేవాడు. వదిన కంచం తెస్తే ఆవిడ తృప్తి కోసం రెండు ముద్దలు మింగి, చాలనేవాడు.

వదిన, అంటే మెకానిక్ భార్య, బట్టల కంపెనీలో మిషను కుడుతుంది. ఇంటికొచ్చేసరికి ఆవిడ ఒంట్లోనూ ఓపిక ఉండేది కాదు. ఒకరోజు ఆ కంచం అలాగే వెనక్కి తెచ్చి, "చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోందండీ. మనిషి మన కళ్లముందే కరిగిపోతున్నాడు" అంది. మెకానిక్ ఆ కంచం అందుకుని గట్టు మీద పెట్టాడు. తమ్ముడు దక్కడేమోనన్న భయం అతన్ని అప్పటికే చాలాకాలంగా తినేస్తోంది.

చిన్నోడికి కళ్లడబ్బా ఒకటి కట్టిపెడదామన్న ఆలోచన టంకం బాబాయిది. బాబాయి పాత టీవీలు బాగుచేసే ముసలాయన. ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. సెలవురోజుల్లో ఇళ్ల వెనక మైదానంలో మెకానిక్‌తో సహా నలుగురు పోగై అరచేతిలో పట్టే చిన్న చిన్న డ్రోన్లు ఎగరేస్తుంటారు, వాళ్లకి ఆయన పెద్దదిక్కు. డ్రోన్ ముక్కు మీద గింజంత కెమెరా ఉంటుంది. అది చూసేదంతా గాల్లోంచి వచ్చి, మనిషి కళ్లకి కట్టుకున్న గాగుల్స్‌లో కనిపిస్తుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి చెట్ల మీదుగా పోతాడు. "మీవాడికి కావలసింది అదేరా. మంచం దిగక్కర్లేదు" అన్నాడు బాబాయి.

కొనే గాగుల్స్ జోలికి పోలేదు. అవి ముఖానికి బిగించుకునేవి, వెల్లకిలా పడుకున్నవాడి ముక్కు మీద బరువు మోపుతాయి. మెకానిక్ సొంతంగా చేశాడు. కార్లు వెనక్కి నడిపేటప్పుడు చూసుకునే చిన్న స్క్రీన్ ఒకటి తెచ్చాడు. దాన్ని థర్మోకోల్ డబ్బాలో ఒక చివర బిగించి, మధ్యలో భూతద్దంలాంటి పల్చటి ప్లాస్టిక్ లెన్స్ పెట్టి, ముఖం ఆనే చోట పాత పరుపులోని స్పాంజి అంటించాడు. వెలుతురు చొరకుండా లోపలంతా నల్లరంగు పూశాడు. రిసీవరు పక్కన అతికించి, యాంటెన్నా వైరు కిటికీ ఊచల దాకా లాగాడు. బరువు సంగతి మాత్రం అతనికెవరూ నేర్పక్కర్లేదు. పైకప్పు కొక్కేనికి కప్పీ వేలాడదీసి, తాడుకి ఒక కొసన డబ్బా, రెండో కొసన దానంత బరువున్న ఇనుపముక్క కట్టాడు. లిఫ్టు నడిచేదీ అలాగే. ఒక్క వేలితో లాగితే డబ్బా ముఖం మీదికి దిగి, వదిలిన చోట నిలబడేది.

మొదటిసారి మైదానంలో డ్రోన్ లేపి, ఇంటికొచ్చి చూస్తే చిన్నోడి చెంపలు తడిసి ఉన్నాయి. "మన డాబా మీద తొట్టి పగిలిందన్నా, వదినకి చెప్పు" అన్నాడు. ఆ పూట మారు వడ్డించమన్నాడు కూడా.

ఒక్కటే చిక్కు. డ్రోన్ చెట్ల వెనక్కి వెళ్లి సిగ్నల్ తగ్గిందంటే ఆ స్క్రీన్ మొత్తం నీలంగా మారిపోయేది. కార్ల స్క్రీన్ల పద్ధతి అది, బొమ్మ సరిగా లేకపోతే అసలు చూపించవు. "ఎవరో చేత్తో కళ్లు మూసినట్టుందన్నా, ఊపిరాడట్లేదు" అన్నాడు చిన్నోడు. మెకానిక్ డబ్బా పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్లాడు.

"నీలం రాకుండా చెయ్యొచ్చు. లోపలి బోర్డు మార్చాలి. అప్పుడు పాత టీవీల్లోలా చుక్కలొస్తాయి, చుక్కల మధ్య బొమ్మ సగం సగం కనిపిస్తుంది. ఎగరేసేవాడికి అదే మేలు" అని బాబాయి డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాకపోతే ఒకటి. నీలం అనేది తలుపు. అది తీసేశాక ఎంత సన్నటి సిగ్నలైనా లోపలికొస్తుంది. మనదీ వస్తుంది, మనది కానిదీ వస్తుంది."

"రానీ బాబాయ్" అన్నాడు మెకానిక్. ఆ రోజు అతను మూడు మేడలెక్కి దిగాడు. ఏ మాటనైనా తిప్పి ఆలోచించే స్థితిలో లేడు.

బోర్డు మార్చారు. నీలం పోయింది. చిన్నోడు కంచం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. వదిన ముఖంలో కాస్త కళ వచ్చింది.

అలా ఉండగా ఒక సాయంత్రం మెకానిక్ ఇంటికొచ్చి సంచి దించుతుంటే, "ఇవాళ చాలాసేపు తిప్పావన్నా. ఆ ఎండుపొలం వైపు ఎప్పుడూ తీసుకెళ్లలేదు" అన్నాడు చిన్నోడు.

డ్రోన్ బీరువా మీద ఉంది. దాని బ్యాటరీ మెకానిక్ సంచిలో ఉంది.

ఎవరో అదే నంబరులో ఎగరేస్తున్నారనుకున్నాడు. ఈ ఆటలో నంబర్ల గొడవ ఒకటుంది. ఒక్కో డ్రోన్ బొమ్మ ఒక్కో ఛానల్ నంబరులో వస్తుంది. గాల్లో ఒకడుండగా ఇంకొకడు అదే నంబరులో బ్యాటరీ తగిలిస్తే, ఎగురుతున్నవాడి కళ్లు పోయినట్టే, డ్రోన్ పోయి ఏ గోడకో కొట్టుకుంటుంది. అందుకని మైదానంలో ఒక ఆచారం పెట్టుకున్నారు. బ్యాటరీ తగిలించేముందు "ఐదు ఖాళీయేనా" అని గట్టిగా అడగాలి. "ఖాళీ" అని జవాబు వస్తేనే తగిలించాలి. ఒంటరిగా ఉన్నా సరే, అడిగి, కాసేపు ఆగి, అప్పుడే తగిలించాలి. ఐదో నంబరు మెకానిక్‌ది.

బాబాయిని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "పట్టపగలు పనులు మానుకుని ఎగరేసేవాడు మనలో ఎవడున్నాడురా? నువ్వే నంబరు మార్చి చూడు."

మార్చాడు. మారిన నంబరులోకీ అదే వచ్చింది.

ఆ వారం సెలవు పూట అతను తమ్ముడి పక్కన కూర్చుని డబ్బా తన ముఖానికి దించుకున్నాడు. బయట పట్టపగలు, సందులో ఎండ కాస్తోంది. డబ్బాలో మాత్రం చీకటి. స్పాంజికి తమ్ముడి చెమట వాసన. ముందు చుక్కలే కనిపించాయి. కాసేపటికి చుక్కల వెనక ఏదో కదిలింది. గోడ. గోడ పక్కనే నెమ్మదిగా సాగుతూ ఒక కిటికీ దగ్గర ఆగింది. లోపల ఒకావిడ తల దువ్వుకుంటోంది. కెమెరా ఊచల దాకా వెళ్లి ఆవిడ ముఖాన్నే చూసింది. ఆవిడ తలెత్తలేదు. కాసేపు చూసి అది పక్కింటి కిటికీకి మళ్లింది.

డ్రోన్ అంత దగ్గరికొస్తే ఆ రెక్కల మోతకి చెవిటివాడైనా తలెత్తుతాడు. అదీగాక ఏ డ్రోనూ గాల్లో అలా వణుకు లేకుండా నిలబడదు. ఆ బొమ్మ మనిషి కంటి ఎత్తున ఉంది, నడిచే మనిషంత నెమ్మదిగా ఉంది, బ్యాటరీ అయిపోవడమనేదే లేకుండా పగలంతా తిరుగుతోంది.

"ఇల్లు వెతుక్కుంటోందన్నా. పాపం, ఎవరూ పలకరు" అన్నాడు చిన్నోడు.

మెకానిక్ డబ్బా విప్పి బీరువాలో పెట్టేశాడు. చిన్నోడు గోడవైపు తిరిగాడు. ఆ పూట తినలేదు. మర్నాడు రెండుపూటలా తినలేదు. ఆ తర్వాతి రోజు వదిన కంచం పట్టుకుని వంటింట్లో నిలబడి చప్పుడు కాకుండా ఏడ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మెకానిక్ డబ్బా మళ్లీ కట్టాడు.

కట్టి, ఒక ఉపాయం చేశాడు. అలిసిపోయినవాడికి తోచే ఉపాయం. పెద్ద గొంతు ముందు చిన్న గొంతు వినబడదు కదా. తన డ్రోన్‌నే గదిలో బల్ల మీద పెట్టి, గోడ కరెంటుకి తగిలించి, తిరిగి ఐదో నంబరుకే మార్చి పగలంతా ప్రసారం చేయిస్తే, ఆ సన్నటి సిగ్నల్ దీని కింద అణిగిపోతుంది. అణిగిపోయింది కూడా. డబ్బాలో ఇప్పుడు వాళ్ల గదే కనిపిస్తోంది. మంచం, చిన్నోడు, తెరిచిన తలుపు, తలుపులోంచి సందు, సందు చివర పసుపుపచ్చ రంగేసిన నీళ్ల ట్యాంకు.

"నన్ను నేనే చూసుకుంటూ పడుకోవాలా అన్నా?" అని చిన్నోడు నవ్వాడు. సందులో ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు అని చూస్తూ కాలక్షేపం చేశాడు. అన్నం తిన్నాడు. మెకానిక్ ఆ రాత్రి ఒళ్లు మరిచి నిద్రపోయాడు.

బల్ల మీదున్న డ్రోన్‌కి రెక్కల గాలి తగలక అందులో ప్రసారం చేసే ముక్క కాలిపోతుంటే, కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం మెకానిక్ పని మధ్యలో చిన్న ఫ్యాన్ కోసం బాబాయి కొట్టుకి వెళ్లాడు. ఎందుకని అడిగితే జరిగిందంతా చెప్పాడు. బాబాయి చేతిలోని టంకం కడ్డీని దాని స్టాండులో పెట్టేశాడు.

"దాని నోరు మూయించానంటావు. కెమెరా ఎటు తిప్పి పెట్టావు?"

"మంచం వైపు. తలుపు కనిపిస్తుంది. సందు కూడా."

"ఒరే, దాని బొమ్మ మీకు కనిపించకుండా చేశావంతే. మీ బొమ్మ మాత్రం ఐదో నంబరు చూసే ప్రతివాళ్లకీ పంపావు. ఇన్ని రోజులుగా. ఇల్లు వెతుక్కునేదానికి గుమ్మం చూపించావు కదరా."

మెకానిక్ గుమ్మం వైపు తిరిగి అక్కడే నిలబడిపోయాడు.

"నిలబడతావేం. వెళ్లి వైరు పీకు" అన్నాడు బాబాయి.

అతను మోకాళ్ల సంగతి మరిచిపోయి పరుగెత్తాడు. సందులో మామూలు మధ్యాహ్నం. ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ప్లాస్టిక్ కాలిన వాసన. దాని కింద ఇంకో వాసన... పచ్చిమట్టి వాసన.

బల్ల మీద డ్రోన్ చచ్చి ఉంది. ప్రసారం చేసే ముక్క కరిగి బల్లకి అంటుకుపోయింది. దాని ఎర్రదీపం ఆరిపోయి ఉంది.

కానీ డబ్బా అంచుల్లోంచి వెలుగు వస్తోంది. చిన్నోడి ముఖం అందులోనే ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"చిన్నోడా."

"ష్... మెల్లగా అన్నా. ఇక్కడే ఉంది."

మెకానిక్ వంగి డబ్బాని తన కళ్లకి లాక్కున్నాడు.

చుక్కలు లేవు. ఒక్క చుక్క కూడా లేదు. అద్దంలో చూసినంత స్పష్టంగా వాళ్ల గది. బల్ల మీంచి కాదు. గుమ్మంలోంచి. మంచం మీద చిన్నోడు. వాడిమీదికి వంగిన ఒక వీపు. చొక్కా మీద చెమట మరక. వెనకజేబులో స్క్రూడ్రైవరు.

అది తన వీపే.

డబ్బా వదిలి గిరుక్కున తిరిగాడు. గుమ్మం... ఎండ... ఎవరూ లేరు.

మళ్లీ చూశాడు. గడప దాటింది. వీపు పెద్దదైంది. చొక్కా కుట్లు కనిపిస్తున్నాయి. అతను ఊపిరి బిగబట్టాడు. మెడ మీద గాలి తగలలేదు. చప్పుడు లేదు. బొమ్మ అతని భుజం పక్కనుంచి జరిగింది... మంచం వెంట నెమ్మదిగా... కాళ్ల వైపుకి. అక్కడ ఆగింది. దుప్పటి కింద కదలకుండా ఉన్న రెండు కాళ్లని చూస్తూ ఉండిపోయింది.

"అడుగుతోందన్నా" అని గుసగుసలాడాడు చిన్నోడు.

"ఏమని?"

"ఐదు ఖాళీయేనా అని... మైదానంలో మీరు అడిగినట్టే."

డబ్బాకి స్పీకరు లేదు. మెకానిక్ పెట్టనే లేదు.

"ఏం చెప్పకు. వింటున్నావా. పలకకు."

చిన్నోడు అలిసిపోయిన గొంతుతో అన్నాడు. "చెప్పేశానన్నా. ఖాళీయేనన్నాను. అందులో అబద్ధమేముంది... నడుం కింద ఎవరూ లేరు కదా."

మెకానిక్ వైర్లన్నీ ఒక్క గుంజు గుంజాడు. వెలుగు పోయింది. డబ్బా బరువుకి తాడు జారి ఇనుపముక్క కప్పీకి కొట్టుకుంది. ఆ చప్పుడుకి ఎదురింటివాళ్లు ఏమైందని కేకేశారు. "ఏం లేదండీ, సామాను పడింది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది, అదే అతనికి వింతగా అనిపించింది.

స్క్రీన్‌ని సుత్తితో పగలగొట్టి, డబ్బానీ డ్రోన్‌నీ గోనెసంచిలో కట్టి, ఊరికి ఆ చివర ఒక మేడ వెనక చెత్తకుండీలో పారేసి వచ్చాడు. ఇక తమ్ముడు గోడవైపు తిరుగుతాడని, తిండి మానేస్తాడని గుండె రాయి చేసుకుని ఇంట్లోకి వచ్చాడు. చిన్నోడు తిరగలేదు. ఆకలేస్తోందన్నాడు. పెట్టింది తిని, ఇంకా ఉందా వదినా అని అడిగాడు. మర్నాడూ అంతే. రంగులు, కుంచెలు తెచ్చిపెట్టమన్నాడు, పడుకునే చిన్న బోర్డులు రాస్తానన్నాడు.

"ఏం మాయ చేశారో గానీ, మనింట్లో మళ్లీ మనిషి అలికిడి వినిపిస్తోందండీ" అంది భార్య. ఆవిడ నవ్వి ఎన్నాళ్లయిందో. మెకానిక్ కూడా నవ్వాడు. ఏ సంగతినీ తవ్వి చూసే ఓపిక అతనికి లేదు. వచ్చిన మంచిని వచ్చినట్టే ఉంచుకుందామనుకున్నాడు.

పొద్దున్నే తమ్ముడికి ఒళ్లు తుడిచేది అతనే. ఆ మర్నాడు గోరువెచ్చటి నీళ్ల గిన్నె పెట్టుకుని కాళ్ల మీది దుప్పటి తీశాడు. రెండు అరికాళ్లకీ తడిమట్టి. వేళ్ల సందుల్లో ఎండుగడ్డి.

చాలాసేపు చూశాడు. తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. గడియకి తను రాత్రి వేసిన తాళం అలాగే ఉంది. భార్య లేవకముందే కాళ్లు కడిగి, తుడిచి, దుప్పటి కప్పాడు. నీళ్లు పెరట్లో పారబోశాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ కంచం మళ్లీ వంటింట్లోకి వెనక్కి వస్తుందని అతని భయం.

తర్వాతి పొద్దునా కడిగాడు. ఆ తర్వాతా కడిగాడు. లిఫ్టుల పనిలాగే ఇదీ రోజువారీ పనుల్లో కలిసిపోయింది.

ఇవాళ మడమలో ముల్లు కనిపించింది. లోతుగా దిగి ఉంది. చిన్నోడు దిండ్లకి ఆనుకుని టీ తాగుతూ, కిటికీలోంచి సందు చూస్తూ, బోర్డు మీద ఏ రంగు బాగుంటుందో చెబుతున్నాడు. మెకానిక్ సూదితో ముల్లు మొన కదిపాడు.

కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

సూది అతని చేతిలోనే ఆగింది. భయమో ఆశో అతనికే తెలియలేదు. "నొప్పి పుట్టిందారా?" అన్నాడు.

"ఎక్కడన్నా?" అన్నాడు చిన్నోడు, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే.

మెకానిక్ మళ్లీ చెయ్యి చాపాడు. ఆ కాలు మోకాలి దగ్గర మెల్లగా ముడుచుకుని, అతని చేతికి అందకుండా దుప్పట్లోకి జరిగింది. దాని వెనకే రెండోది కూడా వెళ్లింది. చిన్నోడు టీ ఊదుకుంటూ, ఎరుపు మీద తెల్ల అక్షరాలైతే దూరానికి బాగా కనిపిస్తాయని అంటున్నాడు.